మూలకు వెళ్ళిన బిళ్ళ

నార్డాల్ పల్లె, సస్కాచెవాన్
నవంబరు, 1983

కార్మోడీ బ్యాడ్జర్స్ హాకీ జట్టు కోచ్ క్లోవిస్ గోడే గారికి,

నార్డాల్ నుంచి రాగ్నా ట్వైట్ రాస్తున్నాను. ఇక్కడ నేనూ, నా కోళ్ళూ, కుంటి కుక్కా క్షేమం. మీ క్షేమం సంగతి ఈ ఉత్తరం చదివాక తేలుతుంది.

మీ జట్టులో ఎర్రజుట్టు కుర్రాడు ఐవర్ ఉన్నాడే, వాడి అమ్మమ్మను. వాళ్ళమ్మ పోయాక వాడికి స్కేట్ల తాళ్ళు కట్టిన చేతులు ఇవే. మా పొలం వెనక గుంట గడ్డకట్టిందంటే చాలు, గోల్ కొట్టకుండా వాడు సూపు తాగడానికి ఇంట్లోకి వచ్చిన రోజు లేదు. అలాంటివాడు మీ ఊరొచ్చి మంచు మీద దిగినప్పటి నుంచి ఒక్క గోల్ కొట్టలేదు. మీ ఊరి వారపత్రిక తెప్పించుకుంటున్నాను. గోల్ కొట్టినవాళ్ళ పేర్లు అందులో వేస్తారు. ఒక వారం డెల్బర్ట్. మరుసటి వారం డెల్బర్ట్. ఆ పై వారం పత్రికవాళ్ళకే విసుగొచ్చి 'మళ్ళీ డెల్బర్టే' అని వేశారు.

ఆ డెల్బర్ట్ మా పక్కింటి డోర్కస్ మనవడు. మా వైపు ఆచారం మీకూ తెలిసే ఉంటుంది. కుర్రాడు గోల్ కొడితే, బంతికి బదులు ఆడే ఆ నల్లబిళ్ళకు తెల్ల టేపు చుట్టి, దాని మీద తేదీ వేసి ఇంటికి పంపుతాడు. ఇంట్లోవాళ్ళు దాన్ని వంటింటి కిటికీ గట్టు మీద, దారినపోయేవాళ్ళకు కనబడేలా పెట్టుకుంటారు. డోర్కస్ కిటికీ నిండా బిళ్ళలే. వెలుతురు రాక పట్టపగలు దీపం వేసుకుంటోంది. ఆ దీపం కూడా నాకు చూపించడానికేనని నా అనుమానం.

నేను అక్టోబరులోనే నా జెరేనియం కుండీలన్నీ నేలమాళిగలోకి దించి గట్టు ఖాళీ చేశాను. అవి అక్కడ అలిగి ఆకులు రాలుస్తున్నాయి. గట్టు మీద మాత్రం దుమ్ము తప్ప ఇంకేమీ చేరలేదు. మావాడిని మీరు ఏం చేస్తున్నారో చెప్పండి.

ఇట్లు,
రాగ్నా ట్వైట్

తా.క.: ఈ ఉత్తరంతో సస్కటూన్ పళ్ళ జామ్ పంపుతున్నాను. లంచం అనుకోకండి. లంచమైతే పెద్ద సీసా పంపేదాన్ని. తిన్నాక సీసా, మూత రెండూ తిరిగి పంపండి.


కార్మోడీ
నవంబరు చివర

పెద్దలు రాగ్నా గారికి,

నమస్కారాలు. ఉత్తరమూ జామూ అందాయి. పగలు బడిలో లెక్కలు చెబుతాను, సాయంత్రం హాకీ నేర్పుతాను. రెండుచోట్లా నన్ను తిడుతూ ఇళ్ళ నుంచి ఉత్తరాలు వస్తాయి. జామ్‌తో పాటు రావడం ఇదే మొదలు.

ఐవర్ మీద నాకు ఏ కోపమూ లేదు. వాడు గోల్స్ కొట్టకపోవడం వాడి లోపం కాదు, నా పద్ధతి ఫలితం. మా చుట్టుపక్కల ఊళ్ళ జట్లలో మాకంటే చురుకైన పిల్లలున్నారు. వాళ్ళతో పరుగు పందెం పెట్టుకుంటే మునిగిపోతాం. అందుకని మధ్య గీత దగ్గర మా అయిదుగురూ అడ్డం నిలబడి దారులు మూసేస్తారు. ఎదుటివాళ్ళు విసిగిపోయి తప్పు చేసేదాకా కాచుకుంటాం. ఇలా ఆడితే ఎవరికైనా గోల్స్ తక్కువే. పుట్టిన ఆ కాసినీ మొదటి లైను పాలవుతాయి.

ముందుండి దాడి చేసేవాళ్ళను ముగ్గురేసి చొప్పున నాలుగు లైన్లుగా దించుతాను. ఐవర్‌ది నాలుగో లైను. ఎదుటి జట్టులో గండరగండలు దిగినప్పుడల్లా వాళ్ళ మీదికి ఈ లైనునే పంపుతాను. వీళ్ళు చెయ్యవలసింది ఒకటే. బిళ్ళ చేతికి చిక్కగానే ఎదుటివాళ్ళ మూలకు కొట్టేయాలి, వెంటపడాలి, వాళ్ళను గోడకు అదిమి ఊపిరాడకుండా చేసి, వచ్చి బెంచి మీద కూర్చోవాలి. అలా అలిసిపోయినవాళ్ళ మీదికి డెల్బర్ట్ లైను దిగుతుంది. పత్రికలో డెల్బర్ట్ పేరు పడుతుంది. కిందిలైను వాళ్ళకు గోల్ కొట్టే చోటూ ఉండదు, వేళా ఉండదు.

పత్రికలో పడని పని అది. నాకు మాత్రం కనిపిస్తూనే ఉంటుంది.

విధేయుడు,
క్లోవిస్ గోడే

తా.క.: సీసా ఇంకా ఖాళీ కాలేదు. పొదుపుగా తింటున్నాను.


నార్డాల్
డిసెంబరు మొదట్లో

అయ్యా,

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదటిసారి కళ్ళజోడు లేక అర్థం కాలేదనుకున్నాను. కళ్ళజోడు పెట్టుకున్నాక ఇంకా ఘోరంగా కనబడింది.

చేతికొచ్చిన బిళ్ళను మూలకు పారేయిస్తారా? నా మనవడితో? మా ఇంట్లో పిండిసంచి దిండుగలీబు అవుతుంది. గలీబు చిరిగితే గిన్నెలు తుడిచే గుడ్డ, అదీ చిరిగితే చాపలో పేలిక. తాడు ముక్క కూడా పారేయం. ఆ ఇంట్లో పెరిగిన పిల్లాడికి మీరు పారేయడం నేర్పుతున్నారు. పైగా వీడు చెమటోడ్చి మెత్తబరిచిన వాళ్ళ మీద ఆ డెల్బర్ట్ వచ్చి గోల్ కొడతాడన్నమాట. సొమ్మొకడిది, సోకొకడిది. డోర్కస్ దీపం ఎవరి నూనెతో వెలుగుతోందో ఇప్పుడు తెలిసింది.

ఆటగాళ్ళు చురుకైనవాళ్ళు కాదు, అందుకే ఈ పద్ధతి అంటున్నారు. ఆడలేక మద్దెల ఓడు అన్నట్టుంది.

అందుకని ఐవర్‌కు నేనే ఉత్తరం రాశాను. "బిళ్ళ నీ దగ్గరికొస్తే అది నీదే. పారేయకు. ఎవరికీ ఇవ్వకు. దాన్ని గోల్‌లో దించేదాకా వదలకు" అని చెప్పాను. చిన్నప్పటి నుంచి వాడు నా మాట జవదాటలేదు. మీరు కంగారుపడకండి. ఇక మీ జట్టు బాగుపడుతుంది.

ఇట్లు,
రాగ్నా ట్వైట్

తా.క.: జామ్‌ను పొదుపుగా తినేవారు బిళ్ళలను ఎందుకు దుబారా చేస్తున్నారో నాకు అర్థం కావడం లేదు.


కార్మోడీ
డిసెంబరు నడుమ

రాగ్నా గారికి,

మీ మనవడు నిజంగానే మీ మాట జవదాటడు.

శనివారం ఆటలో బిళ్ళ ఐవర్ దగ్గరికి వచ్చింది. వాడు దాన్ని తల్లికోడి పిల్లను దాచుకున్నట్టు దాచుకున్నాడు. మూలకు కొట్టలేదు, పక్కవాడికి ఇవ్వలేదు. ముగ్గురొచ్చి మీద పడ్డారు. బిళ్ళ పోయింది, మా మీద గోల్ పడింది. నేను బెంచి మీద నుంచి అరిచాను. వాడు నా వైపు చూసి, పైకప్పు వైపు చూసి, మళ్ళీ అదే పని చేశాడు. మళ్ళీ గోల్ పడింది. ఆట పోయింది.

"ఏమైందిరా నీకు?" అని అడిగితే స్కేటులోంచి మడత పెట్టిన కాగితం తీసి నా చేతికిచ్చాడు. అది మీ ఉత్తరం. "సార్, మీరేమో మూలకు కొట్టమంటారు. అమ్మమ్మేమో పారేయొద్దంటుంది. ఇద్దరిలో ఎవరి మాట వినను?" అన్నాడు. వాడి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నాకు నవ్వు రాలేదు, కోపం కూడా రాలేదు. తరువాతి ఆటకు మాత్రం బెంచి మీదే కూర్చోబెట్టక తప్పలేదు.

అసలు చిక్కు వేరే ఉంది. మా జట్టు కమిటీ జనవరి నెలాఖరుకు ఒకరిని తీసేయాలనుకుంటోంది. కొత్తగా ఒకడు వస్తున్నాడు. కమిటీ అధ్యక్షుడు ఒర్విల్ గారు ధాన్యం గోదాముల యజమాని. ఆయనా మీలాగే పత్రికలో గోల్స్ చూసి మనుషులను తూకం వేస్తారు. ఐవర్ పేరు ఆయన నోట అప్పుడే రెండుసార్లు వచ్చింది. తీసేస్తే వాడు ఈ ఏడాదికి ఇంకే జట్టులోనూ చేరలేడు. వాడిని ఉంచుకోవాలని నా ఆశ. మీరు వాడికి ఇంకో ఉత్తరం రాసి, నా మాట వినమని చెప్పండి. మీకు పుణ్యముంటుంది.

విధేయుడు,
క్లోవిస్ గోడే

తా.క.: ఒర్విల్ గారు మా ఇంటికొచ్చి మీ జామ్ రుచి చూశారు. సీసా సగమైంది.


నార్డాల్
క్రిస్మస్ మరునాడు

క్లోవిస్ గారికి,

పండగపూట చేప గొంతు దిగలేదు. నా మాట విన్నందుకు వాడు బెంచి ఎక్కాడా? వాడికి వెంటనే రాశాను, "ఇకమీదట కోచ్ మాటే నా మాట" అని. ఉత్తరం స్కేటులో పెట్టుకోవద్దని కూడా రాశాను. కాలికి పుండు పడుతుంది.

అయినా తప్పు చేసింది నేను కాబట్టి, దిద్దవలసింది కూడా నేనే అనిపించింది. మీ ఒర్విల్ గారికి నేరుగా ఒక ఉత్తరం రాసి, పెద్ద సీసా జామ్ జతచేసి పంపాను. అందులో అంతా మీ మాటల్లోనే చెప్పాను. "మా ఐవర్ గోల్స్ కొట్టడం కోసం లేడు. కొట్టే చోటు కూడా వాడికి లేదు. బిళ్ళ దొరికితే మూలకు కొట్టేసి వచ్చి బెంచి మీద కూర్చోవడమే వాడి పని. ఈ సంగతి కోచ్ గారే నాకు స్వయంగా రాశారు" అని వివరించాను.

ఇంత విడమరిచి చెప్పాక ఆయన మనసు కరగకపోతుందా? మీరు నిశ్చింతగా ఉండండి.

ఇట్లు,
రాగ్నా ట్వైట్

తా.క.: డోర్కస్ పండగకు వచ్చి నా ఖాళీ గట్టు చూసి, "దుమ్ము తుడవడం సులువే కదా నీకు" అంది. ఆవిడకు నేను కాఫీ పోశాను. నా ఓర్పు ఎంతటిదో మీకు తెలియాలని రాస్తున్నాను.


కార్మోడీ
జనవరి

అమ్మా,

మీరు కొరివితో తల గోక్కున్నారు. తల మాత్రం ఐవర్‌ది.

ఒర్విల్ గారు మీ ఉత్తరం పట్టుకుని తిన్నగా నా తరగతి గదిలోకి వచ్చారు. పిల్లల ముందే చదివారు. "ఏమయ్యా, గోల్స్ కొట్టడం కోసం లేడని సొంత అమ్మమ్మే రాసింది. బెంచి మీద కూర్చోవడం వాడి పని అని నువ్వే చెప్పావట. కూర్చోవడానికే అయితే ఇంట్లో కూర్చోవచ్చుగా?" అన్నారు. ఆయన జామ్ చాలా బాగుందన్నారు. కుర్రాడు మాత్రం అక్కర్లేదన్నారు.

నేను బతిమాలాను. నెలాఖరున టామ్లిన్ జట్టుతో ఆట ఉంది. వాళ్ళు మాకు పాతకాలపు శత్రువులు, ఈ ఏడు అందరికంటే గట్టివాళ్ళు. ఆ ఆట చూసి తేలుస్తానన్నారు.

ఇక మీరు దయచేసి ఎవరికీ ఉత్తరాలు రాయకండి. బస్సెక్కి మీరే రండి. ఒకే ఒక్క షరతు. బిళ్ళ వైపు చూడకండి. ఐవర్ మంచు మీద దిగిన క్షణం నుంచి మళ్ళీ బెంచికి వచ్చేదాకా వాడినే చూడండి. ఆ తరువాత కూడా నన్ను తిట్టాలనిపిస్తే తిట్టండి, పడతాను.

విధేయుడు,
క్లోవిస్

తా.క.: వచ్చేటప్పుడు తనకు ఇంకొక సీసా తెమ్మని ఒర్విల్ గారు అన్నారు. నేను అడగలేదు, ఆయనే అడిగారు.


నార్డాల్
ఫిబ్రవరి మొదటి వారం

నాయనా క్లోవిస్,

ఇల్లు చేరాను. గొంతు బొంగురుపోయింది. ఉత్తరం రాయడానికి గొంతు అక్కర్లేదు కాబట్టి రాస్తున్నాను.

నీ షరతు ప్రకారమే చూశాను. ఒర్విల్ గారు నన్ను తన పక్కనే కూర్చోబెట్టుకుని తన మెత్త కూడా ఇచ్చారు. ఆయన బిళ్ళను చూస్తున్నారు, నేను ఐవర్‌ను చూస్తున్నాను. కాసేపటికి నేను మాటిమాటికీ మోచేత్తో పొడుస్తుంటే ఆయనా ఐవర్‌నే చూడటం మొదలుపెట్టారు.

ఆ టామ్లిన్ పొడుగుపిల్లాడు ఎటు తిరిగితే అటు మావాడు. మూలకు వెళ్తే మూలలో, మధ్యకొస్తే మధ్యలో. అప్పు వసూలుకు వచ్చినవాడు కూడా అంతలా వెంటపడడు. చివరికి ఆ పొడుగుపిల్లాడు రిఫరీని తిట్టి, కర్రను గోడకేసి విరగ్గొట్టాడు. వాడు అలా ఒగరుస్తుండగా డెల్బర్ట్ దిగి గోల్ కొట్టాడు. ఊరంతా డెల్బర్ట్‌ను చూసి అరిచింది. నేను బెంచి మీద వంగి ఊపిరి తీసుకుంటున్న ఎర్రజుట్టు వైపు చూశాను. నాకు ఏడుపొచ్చింది.

మా రోడ్డు పక్కన మంచుకంచె వేస్తారు, నీకు తెలుసుగా. ఎగిరొచ్చే మంచు అంతా దాని దగ్గరే ఆగి, దాన్నే కప్పేస్తుంది. రోడ్డు బాగుందని అందరూ అంటారు గాని, కంచె బాగుందని ఎవరైనా అన్నారా? ఇన్నేళ్ళూ ఆ రోడ్డు మీదే బండి తోలుకుంటూ తిరిగి, నేనూ ఏనాడూ అనలేదు.

ఇక ఆ చివరి నిమిషం. ఒక్క గోల్ ఆధిక్యంలో ఉన్నాం. టామ్లిన్ వాళ్ళు తెగించి తమ గోల్ కీపర్‌ను తీసేసి, ఇంకో దాడివాడిని దించారు. అలాంటప్పుడు నువ్వు డెల్బర్ట్‌ను కాకుండా మావాడి లైనును దించావు. బిళ్ళ ఐవర్‌కు చిక్కింది. మధ్య గీత దాటాడు. ఎదురుగా ఖాళీ గోల్! నేను లేచి నిలబడి "కొట్టరా!" అని అరిచాను. మెత్త ఎటో ఎగిరిపోయింది. నువ్వు కూడా బెంచి ఎక్కి "కొట్టు! కొట్టు!" అని అరుస్తున్నావు.

వాడు కొట్టాడు. మూలకు.

వాళ్ళు అంత దూరం వెనక్కి పోయి బిళ్ళ తెచ్చుకునేసరికి గంట మోగింది. గెలిచాం. ఒర్విల్ గారు జేబురుమాలు తీసి కళ్ళు తుడుచుకున్నారు. "అమ్మా, ఖాళీ గోల్ ఎదురుగా ఉన్నా ఆశపడని పిల్లవాడిని నా జన్మలో చూడలేదు. నేర్పిన ఆటే ఆడాడు. ఎలా పెంచారమ్మా?" అన్నారు. ఏదీ పారేయకుండా పెంచానని చెబుదామనుకుని, ఊరుకున్నాను.

నిన్ను చాలా అన్నాను నాయనా. మనసులో పెట్టుకోకు. నువ్వు మావాడిని పాడుచేయలేదు, మనిషిని చేశావు. నీకు రుణపడి ఉన్నాను.

నీ మేలు కోరే,
రాగ్నా

తా.క.: గట్టు ఖాళీగా ఉన్నా ఇప్పుడు దుఃఖం లేదు. అయినా కుండీలను పైకి తేలేదు. ఎందుకో తేబుద్ధి కాలేదు.


కార్మోడీ
మార్చి

అమ్మా,

శుభవార్త. ఐవర్ ఉంటున్నాడు. ఈ ఏడే కాదు, వచ్చే ఏడూ ఉంటాడు.

కమిటీలో ఒర్విల్ గారు లేచి మాట్లాడారు. కూర్చోవడం మరిచిపోయారు. ఐవర్ త్యాగం గురించి చెప్పి చెప్పి, చివరికి బట్టలు మార్చుకునే గది గోడ మీద 'ముందు జట్టు, తరువాతే గోల్' అని పెద్ద అక్షరాలతో రాయించారు. పిల్లలంతా అది చదివి ఎంత మారిపోయారంటే, నిన్నటి సాధనలో డెల్బర్ట్ కూడా ఖాళీ గోల్ ముందు నిలబడి బిళ్ళను మూలకు కొట్టాడు. వాడికి నచ్చజెప్పి మళ్ళీ దారిలో పెట్టడానికి నాకు వారం పడుతుంది.

దీనితో ఒక పొట్లం పంపుతున్నాను. అది ఆ రోజు బిళ్ళే. ఆట అయ్యాక నేనే మూలలోంచి తీసి దాచాను. తెల్ల టేపు చుట్టి తేదీ వేశాను. గోల్ అని రాస్తే అబద్ధమవుతుంది, అందుకని 'మూల' అని రాశాను. మీ కిటికీ గట్టు మీద చోటుంటే పెట్టుకోండి.

ఆ చివరి నిమిషం గురించి ఐవర్‌ను నేనేమీ అడగలేదు. మీరూ అడగకండి. మంచి చేసినవాడిని పట్టుకుని వివరాలు అడగకూడదు.

విధేయుడు,
క్లోవిస్

తా.క.: సీసా కూడా ఇందులోనే పెట్టాను. ఆలస్యానికి క్షమించండి. దాని మీద నాకు మమకారం ఏర్పడింది.


నార్డాల్
ఏప్రిల్, మంచు కరిగాక

నాయనా క్లోవిస్,

బిళ్ళ చేరింది. ఐవర్ కూడా విత్తులు వేసే పనికి ఇల్లు చేరాడు. బిళ్ళను గట్టు మీద నట్టనడుమ పెట్టాను. మర్నాడే డోర్కస్ వచ్చింది. "ఇదేమిటి, 'మూల' అని రాసుంది?" అని అడిగింది. ఆ మాట కోసమే శీతాకాలమంతా కాచుకున్నాను. కుర్చీ వేసి కూర్చోబెట్టి ఖాళీ గోల్ కథంతా చెప్పాను. మావాడి నిగ్రహం గురించి చెప్పాను, ఒర్విల్ గారి కన్నీళ్ళ గురించి చెప్పాను. డోర్కస్ నోరు తెరిచి వింది. పక్కనే రొట్టె తింటున్న ఐవర్‌కు పొలమారింది. ముఖం వాడి జుట్టు రంగుకు వచ్చింది.

ఆవిడ వెళ్ళాక, "అమ్మమ్మా, ఆ కథ ఇంకెవరికీ చెప్పకు" అన్నాడు.

"ఎందుకురా?"

"నేను గోల్‌కే కొట్టాను."

"మరి?"

"తగల్లేదు."

నాయనా, నేను కుర్చీలోంచి జారిపోయాను. నవ్వి నవ్వి పక్కలు నొప్పిపుట్టాయి. వాడు ఖాళీ గోల్ చూడగానే ఒళ్ళు తెలియక, శీతాకాలమంతా దాచుకున్న ఆశంతా పెట్టి కొట్టాడట. అది గోల్ పక్క నుంచి మూలకు పోయింది. తలెత్తి చూస్తే ఊరంతా వాడిని దేవుణ్ణి చేసేసింది. ఎవరికి చెప్పాలో తెలియక నోరు మూసుకున్నాడు.

"మరి కోచ్‌కైనా చెప్పాల్సింది" అన్నాను. చెబుదామనే ఆ రాత్రే నీ దగ్గరికి వచ్చాడట. వాడు నోరు తెరవబోతే నువ్వు, "నీ కర్రకు టేపు ఊడింది. అలా ఉంటే గురి కుదరదు, రేపు కొత్తది చుట్టుకో. ఇక వెళ్ళి పడుకో" అన్నావట.

నీకు అప్పుడే తెలుసన్నమాట. తెలిసే కమిటీ ముందు నోరు మెదపలేదు. తెలిసే మూలలోంచి ఆ బిళ్ళ ఏరి నాకు పంపావు. తెలిసే నాకు కాగితం నిండా రాసి, ఏమీ అడగవద్దన్నావు.

గురి తప్పిన ఒక్క బిళ్ళ వల్ల ఒర్విల్ గారికి మావాడు కనిపించాడు. నువ్వు చెబితేగాని నాకూ కనిపించలేదు. నీకు మాత్రం వాడు మొదటి నుంచీ కనిపిస్తూనే ఉన్నాడు, ఎవరూ చెప్పకుండానే. ఇందుకు నేను నీకు ఏమివ్వగలను? వాళ్ళమ్మ ఉండి ఉంటే నీ చేతులు కళ్ళకద్దుకునేది. ఆమె బదులు నేను అద్దుకున్నాననుకో.

బిళ్ళ గట్టు మీదే ఉంది. జెరేనియాలను పైకి తెచ్చి చుట్టూ పెట్టాను. అలక తీరి మొగ్గ వేస్తున్నాయి.

నీ మేలు ఎన్నటికీ మరవని,
రాగ్నా

తా.క.: ఒర్విల్ గారికి చెప్పకు. ఆయనకు ఇంకో పెద్ద సీసా పంపుతున్నాను. ఈసారిది లంచమే.

ఇంకొక తా.క.: నా సీసా అందింది, మూత రాలేదు. మా ఇంట్లో తాడు ముక్క కూడా వదలరని నీకు తెలుసుగా. అయినా ఆ మూత నీ దగ్గరే ఉంచుకో.